ప్రవాసుల డబ్బు వాడ దాకా రావాలి

1909లో పంజాబ్ నుంచి అమెరికాకు కూలికెళ్లిన మంగూరామ్ ముగోవాలియా, 1925లో తిరిగొచ్చి సొంతూరు ముగోవాల్‌లో అంటరాని పిల్లలకు బడి పెట్టారు. మరుసటి ఏడాదే ఆద్ ధర్మ్ ఉద్యమం మొదలైంది. ఊళ్లో ఎవరికి ఏం అవసరమో ఆయనకు మరొకరు చెప్పాల్సిన పనిలేదు.

మా ఊరికీ ప్రవాసుల డబ్బొస్తుంది. దాంతో స్వాగత తోరణం లేచింది, గుడికి గోపురం వచ్చింది. సిమెంటు రోడ్డు మాత్రం మా వాడ మొదట్లోనే ఆగిపోయింది. ఏం కట్టాలో తేల్చిన కమిటీలో వాడ మనిషి ఒక్కరూ లేరు. డబ్బుకు కులం లేదంటారు, దాన్ని ఖర్చుపెట్టే కమిటీకి ఉంది.

ప్రవాస విరాళాల లెక్క గ్రామసభలో చెప్పాలి. కమిటీలో వాడ ఆడవాళ్లకు చోటుండాలి. దాతలారా, డబ్బు పంపేముందు ఒక్క మాట అడగండి: ఇందులో వాడకు ఎంత?