వెళ్తే వెళ్లు, పక్కింటికి మాత్రం వద్దు

2020 మే 16. లాక్‌డౌన్. టెన్త్ పరీక్షలు వాయిదా పడి ఇంట్లో గోళ్లు గిల్లుకుంటున్న రోజులు. ఐపీఎల్ లేదు, ప్రీమియర్ లీగ్ లేదు. పెద్ద లీగుల్లో అందరికంటే ముందు మళ్లీ మొదలైంది జర్మనీ బుండెస్‌లీగా. ఖాళీ స్టేడియంలో డోర్ట్‌మండ్ 4-0తో షాల్కేని ఓడించింది. మొదటి గోల్ ఎర్లింగ్ హాలండ్‌ది. ఆ సాయంత్రం నుంచి నేను పసుపు జెర్సీ పార్టీ.

రెండేళ్లకే అతను మాంచెస్టర్ సిటీకి వెళ్లిపోయాడు. డోర్ట్‌మండ్‌కి ఆడింది 89 మ్యాచ్‌లు, కొట్టింది 86 గోల్స్. హాస్టల్లో డోర్ట్‌మండ్ ఫ్యాన్‌ని అని చెప్తే ఇప్పటికీ ఒకటే జోక్: "మీది క్లబ్బా, కోచింగ్ సెంటరా?" అందులో నిజం లేకపోలేదు. అందుకే మండుతుంది.

అయినా హాలండ్ మీద నాకు కోపం లేదు. అతని కాంట్రాక్టులోనే రిలీజ్ క్లాజ్ ఉంది. అంటే ఫలానా మొత్తం కడితే క్లబ్బు ఆపడానికి వీల్లేదు. ఆ షరతు లేకపోతే అసలు సాల్జ్‌బర్గ్ నుంచి మా దగ్గరికి వచ్చేవాడే కాదేమో. చెప్పి వచ్చాడు, చెప్పినట్టే వెళ్లాడు. ప్లేస్‌మెంట్ వచ్చిన కంపెనీలో రెండేళ్లు చేసి జంప్ కొట్టాలని ఇప్పుడే లెక్కలేసుకుంటున్న మనం అతన్ని ద్రోహి అంటే ఏం బాగుంటుంది?

నా కోపమంతా లెవాండోస్కీ కథ మీద. అప్పట్లో చూసింది కాదు, తర్వాత యూట్యూబ్‌లో చూసి రగిలిపోయింది. 2012 జర్మన్ కప్ ఫైనల్లో బేయర్న్ మ్యూనిక్ మీద హ్యాట్రిక్, 5-2. 2013 ఏప్రిల్లో చాంపియన్స్ లీగ్ సెమీస్‌లో రియల్ మాడ్రిడ్ మీద ఒక్కడే నాలుగు గోల్స్. ఆ మ్యాచ్‌కి ముందు రోజే గోట్జె బేయర్న్‌కి వెళ్తున్నాడని వార్త. మరుసటి ఏడాది లెవాండోస్కీ కూడా అక్కడికే. కాంట్రాక్టు ముగిసింది కాబట్టి డోర్ట్‌మండ్‌కి పైసా రాలేదు. 2015 ఏప్రిల్లో బేయర్న్ మా స్టేడియానికి వచ్చి 1-0తో గెలిచింది, ఆ ఒక్క గోలూ అతనిదే! 2016లో కెప్టెన్ హుమెల్స్ వంతు. (మూడేళ్లకి తిరిగొచ్చాడు, ఆయన్ని క్షమించేశాం.) మొదటి ర్యాంకువాడు వచ్చి రెండో ర్యాంకువాడి పుస్తకాలు పట్టుకుపోతుంటే ఇక పోటీ ఏముంటుంది? 2013 నుంచి 2023 దాకా వరుసగా 11 టైటిళ్లు బేయర్న్‌వే.

మరి లెవాండోస్కీ మాకెక్కణ్నుంచి వచ్చాడు? 2010లో లెక్ పోజ్నాన్‌ని పోలండ్ చాంపియన్‌ని చేసి, ఆ లీగులో టాప్ స్కోరర్‌గా నిలిచి వచ్చాడు. ఆ ఊరి అభిమానికి బేయర్న్ అంటే మేమే. కాకపోతే మేం డబ్బు కట్టాం, వాళ్ల లీగులో ఆడం. ఈ వాదన నాకే కాస్త పల్చగా వినిపిస్తోంది గానీ వదలను.

హాలండ్ స్థానంలోకి అయాక్స్ నుంచి సెబాస్టియన్ హాలర్ వచ్చాడు. వచ్చీ రాగానే క్యాన్సర్ అని తేలింది. చికిత్స చేయించుకుని 2023 జనవరిలో మళ్లీ మైదానంలోకి దిగాడు. మే 27, సీజన్ చివరి మ్యాచ్. సొంత స్టేడియంలో మైంజ్ మీద గెలిస్తే టైటిల్ మాదే. 0-1తో వెనకబడి ఉండగా మాకు పెనాల్టీ దొరికింది. హాలర్ కొట్టాడు, కీపర్ ఆపేశాడు. చివరికి 2-2. పాయింట్లు సమానమై, గోల్స్ తేడాతో మళ్లీ బేయర్నే.

ఆ పెనాల్టీ పోగానే నా నోట్లోంచి వచ్చిన మాట "హాలండ్ ఉంటేనా!" చావుని చూసొచ్చిన మనిషిని పట్టుకుని అన్న మాట అది. మ్యాచ్ అయ్యాక స్టేడియంలో జనం లేచి నిలబడి తమ జట్టుకి చప్పట్లు కొట్టారు. నేను ఫోన్లో హాలండ్ పాత గోల్స్ చూస్తూ కూర్చున్నా.