మడమ పగుళ్లకు నిమ్మచెక్క వైద్యం కాదు

చలికాలం ప్రవేశించిందంటే చాలు, మన చేతుల్లోని ఫోన్లన్నీ వైద్యశాలలైపోతాయి. నిమ్మచెక్కపై వంటసోడా చల్లి మడమలకు రుద్దమని ఒకరు, కొవ్వొత్తి కరిగించి ఆ మైనాన్ని పగుళ్లలో పోయమని మరొకరు, టూత్‌పేస్టు పట్టించమని ఇంకొకరు సలహా ఇస్తారు. మూడు రోజుల్లో పాదాలు పద్మాలవుతాయట! సందేహం వెలిబుచ్చిన వారి నోరు మూయించడానికి ఒక మాట సిద్ధంగా ఉంటుంది: "ఇంట్లో ఉండే వస్తువులే కదా, పోయేదేముంది?" కొందరి విషయంలో పోయేది కాలే.

ఇంటి వైద్యాన్ని నేను వ్యతిరేకించడం లేదు. మామూలు మడమ పగుళ్లకు ఆసుపత్రి మెట్లెక్కనక్కరలేదు. ఇంటి వైద్యం పేరిట సాగుతున్న ఈ వంటింటి ప్రయోగాల మీదనే నా అభ్యంతరం.

అరికాలి చర్మానికి ఒక ప్రత్యేకత ఉంది. అక్కడ చెమట గ్రంథులు పుష్కలంగా ఉంటాయి గాని, నూనెను స్రవించే గ్రంథులు ఉండవు. పైపొర మాత్రం శరీరంలో మరెక్కడా లేనంత మందం. అందులోని తేమ ఆవిరైపోతే ఆ పొర బిరుసెక్కుతుంది. దానిపై దేహభారం పడినప్పుడు ఎండిన చెరువులా నెర్రెలు విచ్చుతుంది. మరి నూనె రాస్తే చాలదా? చాలదు. 1952లో ఇర్విన్ బ్లాంక్ అనే అమెరికన్ పరిశోధకుడు ఎండి పెళుసెక్కిన కాయచర్మం ముక్కలను పరీక్షించి చూపిన సంగతి ఇదే: నూనెలో ఎంతసేపు ఉంచినా ఆ ముక్క మెత్తబడదు, నీటిని పీల్చుకుంటేనే మెత్తబడుతుంది. నూనె చేసే పని, లోపలికి చేరిన నీటిని బయటికి పోకుండా ఆపడం. పొడి మడమకు ఎంత ఆముదం పట్టించినా ఫలితం అంతంత మాత్రంగా ఉండడానికి కారణం ఇదే.

ఇక నిమ్మచెక్క సంగతి. ఆమ్లం మృతచర్మాన్ని వదులు చేస్తుందన్న వాదన పూర్తిగా అబద్ధం కాదు. సాలిసిలిక్ ఆమ్లాన్ని వైద్యులు అందుకే వాడతారు, అయితే కొలత ప్రకారం, చీలిక లేని చర్మం మీద. నిమ్మపండులో ఏ కొలత ఉంది? పైగా దానిమీద సోడా చల్లితే ఆమ్లమూ క్షారమూ ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. ఆ నురగను చూసి మందు పనిచేస్తోందని మురిసిపోతాం! సోడా మిగిలితే చర్మానికి సహజంగా ఉండవలసిన స్వల్ప ఆమ్లత్వం దెబ్బతింటుంది, నిమ్మరసం మిగిలితే పచ్చి చీలిక భగ్గుమంటుంది. మంట పుట్టడమే గుణానికి గుర్తు అనే నమ్మకం మనలో ఎందుకంత బలంగా నాటుకుపోయిందో నాకిప్పటికీ అర్థం కాదు.

అసలు ప్రమాదం, ఆ మంట కూడా తెలియని వారికి. మధుమేహం ముదిరి నరాలు దెబ్బతిన్నప్పుడు పాదాలకు చెమట తగ్గుతుంది, చర్మం ఎండి పగులుతుంది. ఆ నరాలతోపాటే నొప్పి కూడా పోతుంది. అంటే, పగుళ్లు ఎక్కువగా వచ్చే పాదమే గాయాన్ని గుర్తించలేని పాదం. దానిపై వేడి మైనం పోస్తే బొబ్బ లేచిన సంగతి మరునాటికి గాని తెలియదు. బ్లేడుతో చెక్కితే పచ్చిమాంసం తెగినా తెలియదు. నొప్పి లేకపోవడం ఎంతటి శాపమో వెల్లూరులో కుష్ఠురోగుల పాదాలను పరిశీలించిన డాక్టర్ పాల్ బ్రాండ్ దశాబ్దాల క్రితమే లోకానికి చాటారు. ఆ పుండ్లకు మూలం స్పర్శ కోల్పోయిన పాదానికి పదేపదే తగిలే గాయాలే. గోదావరి జిల్లాల్లో బోదకాలుతో బాధపడేవారికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. చిన్న చీలికలోంచి సూక్ష్మక్రిములు ప్రవేశించి కాలు వాచి, చలిజ్వరం వస్తుంది.

మరి చేయవలసిందేమిటి? కుష్ఠు చికిత్సాలయాల్లో రోగులకు నేర్పే పద్ధతే ఇక్కడా పనికివస్తుంది. రాత్రి పడుకునే ముందు పాదాలను మామూలు నీటిలో పావుగంట నానబెట్టాలి. వేడినీరు వద్దు. గరుకు రాయితో తేలికగా రుద్ది, తడి పూర్తిగా ఆరకముందే వేజలిన్ గాని కొబ్బరినూనె గాని పట్టించి నూలు మేజోళ్లు వేసుకోవాలి. రెండు మూడు వారాలు విడవకుండా చేయాలి. నాలుగు రోజులు చేసి మానేస్తే ఏ మందూ పనిచేయదు. బిరుసు ఎక్కువగా ఉంటే మందుల షాపులో దొరికే యూరియా క్రీము మేలు. యూరియా అనగానే ఎరువుల బస్తా గుర్తుకు రావడం సహజమే. చర్మంలో తేమను పట్టి ఉంచే పదార్థాల్లో అదీ ఒకటి. ఆ బస్తాలోది మాత్రం పొలానికే వదిలేయండి! పగటిపూట మడమను కప్పి ఉంచే చెప్పులు వేసుకోవాలి.

మధుమేహం ఉన్నవారు మాత్రం నానబెట్టడం, రాయితో రుద్దడం రెండూ మానాలి. వారిలో చాలామందికి పాదాలకు రక్తప్రసరణ కూడా తక్కువ, చిన్న గీత కూడా త్వరగా మానదు. కాళ్లు కడిగి, మెత్తగా తుడిచి, వేళ్ల సందులు వదిలి క్రీము రాసుకుంటే చాలు. అరికాలు కనబడకపోతే అద్దం పెట్టుకునో, ఇంట్లోవారిని అడిగో రోజూ చూసుకోవాలి.

ఒక్క పాదానికే పొట్టు రాలుతున్నా, వేళ్ల సందుల్లో దురద ఉన్నా అది శిలీంధ్రం కావచ్చు. దుకాణదారుడు చేతిలో పెట్టే స్టిరాయిడ్ కలిసిన ట్యూబు దాన్ని పైకి చల్లార్చి లోపల పెంచుతుంది. పగులు చుట్టూ ఎరుపు, వాపు, చీము, జ్వరం కనిపిస్తే చక్కెర వ్యాధి ఉన్నవారు ఆ రోజే వైద్యుణ్ణి కలవాలి.