మేటివారి సరసన
తనకంటె మేటియైనవారితో షటిల్ ఆడవలసివచ్చినప్పుడు కొత్త ఆటగానికి కలుగు సంకోచము ఆటను బట్టి పుట్టినది కాదు, చూచువారేమనుకొందురో యన్న చింతను బట్టి పుట్టినదని నా దృఢవిశ్వాసము. అమలాపురమున జన్మించి, క్రీడాకారుడైన తండ్రిని చూచి రాకెట్టు చేతబట్టి, 2014లో హైదరాబాదునందలి గోపీచంద్ అకాడమీలో చేరిన రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్, 2022లో భారత జట్టుతో థామస్ కప్పును, మరుసటి యేట చిరాగ్ శెట్టితో కూడి ఆసియా క్రీడల స్వర్ణమును గెలుచుటకు ముందు, తనకంటె బలవంతుల యెదుట ఎన్ని సాయంకాలములు ఓడియుండునో యోచింపుడు. మేటి ఆటగానికి విసుగు పుట్టించునది మన పొరపాటు కాదు. ప్రతి పొరపాటునకును క్షమాపణ చెప్పుచు ఆటను నిలుపుట. కనుక కోర్టు ప్రక్కన నిలిచి చూచుచున్న కొత్త ఆటగాడు, పిలిచినంతనే లోనికి వచ్చి, నేలబడిన కాక్‌ను తానే చప్పున అందించి, తరువాతి సర్వీసునకు సిద్ధము కావలెను.