ఇన్‌వర్డు గుమాస్తా లేని ఇన్‌బాక్స్

కాగితాల కాలపు ప్రభుత్వ కార్యాలయంలో తపాలు, అంటే బయటి నుంచి రోజూ వచ్చే ఉత్తరాల కట్ట, జవాబు రాయవలసిన ఉద్యోగి చేతికి నేరుగా చేరేది కాదు. ఇన్‌వర్డు సెక్షన్‌లో దాన్ని విప్పి, తేదీ ముద్ర కొట్టి, నంబరు వేసి, సంబంధించిన సీటుకు పంపేవారు. ఆ సీటు గుమాస్తా దాన్ని తన పర్సనల్ రిజిస్టరులో, అంటే అందిన కాగితాల్లో ఏది తేలిందో ఏది పెండింగులో ఉందో చూపే పుస్తకంలో, ఎక్కించుకునేవాడు. అందుకోవడం, పంచడం, తేల్చడం అనే ఈ మూడు పనులనూ ఈమెయిల్ ఒకే మనిషి మీద మోపింది కనుక, కిక్కిరిసిన ఇన్‌బాక్స్‌ను దాని యజమాని బద్ధకానికి గుర్తుగా చూడడం అన్యాయం.

నిల్వ చోటు పెరిగితే ఇబ్బంది తీరుతుందనే ఆశ ఫలించలేదు. 2004 ఏప్రిల్ 1న జీమెయిల్ ఒక గిగాబైట్ చోటుతో వచ్చేనాటికి హాట్‌మెయిల్ ఉచిత ఖాతాకు దక్కింది రెండు మెగాబైట్లే. పాతవి చెరిపేసే అవసరం దాంతో తప్పింది గానీ, ఏది చూడాలో ఏది వదలాలో నిర్ణయించే శ్రమ తగ్గలేదు.

ఆ శ్రమకు ఫోల్డర్లే మందని చాలామంది నమ్ముతారు. ఉత్తరాల కోసం పుట్టిన పెట్టెను జనం పనుల జాబితాగా, పాత పత్రాల బీరువాగా కూడా వాడుతున్నారని పరిశోధకులు స్టీవ్ విట్టేకర్, క్యాండేస్ సిడ్నర్ 1996లోనే గుర్తించి, ఆ స్థితిని ‘ఈమెయిల్ ఓవర్‌లోడ్’ అన్నారు. 2011లో విట్టేకర్ బృందం 345 మంది వాడకాన్ని పరిశీలించగా, ఫోల్డర్లు సర్దుకున్నవారు పాత మెయిల్‌ను పట్టుకోవడంలో మెరుగ్గా లేరని, సెర్చ్‌లో ఒక మాట కొట్టి వెతకడమే త్వరగా ఫలించిందని తేలింది. కాబట్టి ప్రతి మెయిల్‌కూ ఒక అర కేటాయిస్తూ గడిపే కాలం దండగ. పని మిగిలి ఉన్న మెయిల్‌ను మాత్రం గడువుతో సహా వేరే జాబితాకు ఎక్కించి, మిగిలినవాటిని ఆర్కైవ్‌కు, అంటే కళ్లెదుట లేకున్నా వెతికితే దొరికే నిల్వకు, ఒక్కసారిగా పంపడం మేలు.

వేళ పాటించడం కూడా ముఖ్యమే. పరిశోధకులు కాస్టడిన్ కుష్లెవ్, ఎలిజబెత్ డన్ 2015లో ప్రచురించిన ప్రయోగంలో, రోజుకు మూడుసార్లే మెయిల్ చూసిన వారంలో పాల్గొన్నవారి ఒత్తిడి, ఎన్నిసార్లయినా చూసిన వారంలో కంటే తక్కువగా ఉంది. అయితే పై అధికారి పది నిమిషాల్లో జవాబు కోరే చోట కింది ఉద్యోగి ఈ పద్ధతిని ఒంటరిగా పాటించలేడు. చదివే వరుస కూడా అంతే ముఖ్యం: అమెరికా క్లయింట్లతో పనిచేసే హైదరాబాద్ ఐటీ ఉద్యోగికి, అక్కడి పగలంతా సాగిన సంభాషణ ఇక్కడి ఉదయానికి గుట్టగా ఎదురవుతుంది. వచ్చిన వరుసలో జవాబులు రాస్తూ పోతే అప్పటికే తేలిన ప్రశ్నకు మళ్లీ సమాధానం రాయవలసి వస్తుంది కనుక, ఒక్కో విషయంలో చివరి మెయిల్‌ను ముందు చదవడమే అలాంటి చోట సరైన పద్ధతి.

అసలు బాధ్యత పంపేవారిది. జీమెయిల్ ఖాతాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపే సంస్థలు తమ ప్రచార మెయిళ్లలో ఒక్క నొక్కుతో చందా రద్దయ్యే వీలు కల్పించాలని గూగుల్ 2024లో నిబంధన తెచ్చింది. ఆఫీసు లోపలి మెయిళ్లకు అలాంటి మీట లేదు. అక్కడ ఇతరులకు నకలు పంపే ‘సీసీ’ అనే మాట కార్బన్ కాపీ నుంచి వచ్చింది. టైపు మిషన్‌లో కాగితాల మధ్య పెట్టిన కార్బన్ కొన్ని ప్రతులకే అక్షరం దింపేది కనుక, నకలు ఎవరికి అవసరమో టైపు కొట్టే ముందే తేల్చుకోవలసి వచ్చేది. ఆ ప్రశ్న ఇప్పుడు పంపే మీట నొక్కే ముందు అడగవలసినది.