పూత మీద తోట అమ్ముకుంటే ఎగుమతి ఎవరిది?

బంగినపల్లి విమానం ఎక్కిందనీ, రైతుల కష్టాలు తీరినట్టేననీ ప్రతి వేసవిలో ఒక ప్రకటన వస్తుంది. విమానం ఎక్కిన కాయ ఎవరిదో మాత్రం అందులో ఉండదు. మన తోటల్లో చాలావాటిని పూత మీదో, పిందె మీదో గుత్తకు అమ్మేస్తున్నాం. కోత నాటికి ఆ కాయ మీద రైతుకు హక్కే లేదు. అది దుబాయ్ పోయినా, లండన్ పోయినా లాభం గుత్తదారుడిదీ, ఎగుమతిదారుడిదీ.

ప్రపంచంలో అందరికంటే ఎక్కువ మామిడి పండించేది మన దేశం. అందులో తాజా పండుగా బయటి దేశాలకు పోయేది నూటికి ఒక వంతు కూడా లేదు. కాబట్టి ఎగుమతి ఒక్కటే మనల్ని గట్టెక్కిస్తుందని మేం చెప్పడం లేదు. కానీ ఎగుమతికి పనికొచ్చేలా కాయ కోసి, వేరుచేసి, నిలవపెట్టగలిగిన రైతు ఢిల్లీ వ్యాపారితోనూ బేరం ఆడగలడు. అసలు విషయం అదీ.

2025లో చిత్తూరు తోతాపురి రైతులకు ఏం జరిగిందో చూశాం. కాయల ట్రాక్టర్లు గుజ్జు ఫ్యాక్టరీల ముందు బారులు తీరాయి. ఫ్యాక్టరీ కిలోకు 8 రూపాయలు ఇవ్వాలి, ప్రభుత్వం 4 రూపాయలు కలుపుతుంది అన్నారు. ఆ 8 రూపాయల కోసం కూడా రైతులు రోడ్డెక్కాల్సి వచ్చింది. ఫ్యాక్టరీకి అంత ధైర్యం ఎక్కడిది? ధాన్యం బస్తా నాలుగు నెలలు ఆగుతుంది. కోసిన మామిడి నాలుగు రోజులు ఎండలో ఆగదు. ఎవరు ఎక్కువ రోజులు ఆగగలిగితే ధర వాళ్లు చెప్పిందే. రెండెకరాల రైతు ఒక్కడే శీతల గది కట్టుకోలేడు. వందమంది కలిస్తే కట్టుకోగలరు.

కలవడం ఎందుకో పండు ఈగను చూసినా తెలుస్తుంది. 2014లో యూరప్ దేశాలు మన మామిడిని ఆపేసింది ఈ ఈగ వల్లే. 2015 జనవరిలో గానీ ఆ నిషేధం తీయలేదు. మీరు మీ తోటలో ఎన్ని ఎరబుట్టలు కట్టినా, పక్క తోటలో రాలిన కాయ కుళ్లుతూ పడి ఉంటే ఈగ అక్కడ పెరిగి మీ తోటకే వస్తుంది. ఎరబుట్టలు ఊరంతా కట్టాలి, రాలిన కాయ ఊరంతా ఏరి పూడ్చాలి. ఎంత డబ్బున్నా ఇది ఒక్కడి వల్ల అయ్యే పని కాదు. కోతా అంతే. తొడిమతో కోసి, సొన కారనిచ్చి, నేలకు తగలకుండా క్రేట్లలో పెడితేనే కాయకు మచ్చ పడదు. గుత్తదారుడి కూలీలు చెట్టు దులిపి పోతారు. వాళ్లకు ఆ చెట్టుతో వచ్చే ఏడు పని లేదు.

మహారాష్ట్ర ద్రాక్ష రైతులు 1991లోనే తమ సహకార సంఘాలను కలిపి మహాగ్రేప్స్ పెట్టుకున్నారు. యూరప్‌కు పంపిన తొలి సరుకు తిరస్కరణకు గురైంది. అయినా వదల్లేదు. కాయను చల్లబరిచే గదులు తమ సొసైటీల దగ్గరే కట్టుకుని, సాగు పద్ధతులు మార్చుకుని నిలబడ్డారు.

మన దగ్గర సంఘాలు లేవా అంటే, కాగితాల మీద కావలసినన్ని. దేశంలో 10,000 ఉత్పత్తిదారుల సంఘాలు పెడతామని కేంద్రం 2020లో పథకం తెచ్చింది. అలా పుట్టినవాటిలో ఒక షెడ్డు గానీ కాటా గానీ లేనివి ఎన్నో మీ మండలంలో మీరే లెక్కపెట్టుకోండి. అధికారుల పెత్తనం లేకుండా సొసైటీ పెట్టుకునేందుకు 1995 నాటి పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం ఉండనే ఉంది. ఆ చట్టం కింద నడిచిన పాల డెయిరీల్లో కొన్ని చివరికి ఎవరి చేతుల్లోకి పోయాయో కూడా తెలిసిందే. అందుకే ఏటా ఎన్నిక, ఏటా ఆడిట్, ఒకే కుటుంబం పాతుకుపోకుండా నిబంధన మొదటి రోజే రాసుకోవాలి. వ్యాపారి కిలోకు రూపాయి ఎక్కువ చూపించగానే కాయ అటు తోలే సభ్యుడికి ఏం చేయాలో కూడా అప్పుడే రాసుకోవాలి. మొదటి ఏడు ఆ రూపాయి తప్పకుండా చూపిస్తారు. సొసైటీ మూతబడ్డాక చూపించరు.

గుత్తకు ఇవ్వొద్దని ఊరికే చెబితే సరిపోదు. రైతు తోట అమ్ముకునేది అడ్వాన్సు కోసం. మందులకూ, దున్నకానికీ, పిల్లల ఫీజులకూ డబ్బు పూత నాటికే కావాలి. ఆ డబ్బు ఇచ్చేవాడు వ్యాపారి ఒక్కడే అయినంతకాలం తోట వ్యాపారిదే. అందుకే సహకార బ్యాంకులు పూత దశలోనే సొసైటీల ద్వారా అడ్వాన్సు ఇవ్వాలని, ప్రజల సొమ్ముతో కట్టిన ప్యాక్‌హౌసుల్లో, శీతల గిడ్డంగుల్లో మొదటి హక్కు రైతు సొసైటీలకే ఉండాలని మేం డిమాండ్ చేస్తున్నాం.

పూత రాకముందే, మామిడి ఉన్న ప్రతి ఊళ్లో రైతు సంఘం శాఖ సభ జరపాలి. ఎవరెవరు గుత్త అడ్వాన్సు తీసుకున్నారు, ఎంత, ఏ షరతు మీద, ఎన్నేళ్లకు? ఆ జాబితా జిల్లా కమిటీకి పంపండి. బ్యాంకు దగ్గరికి పోయేటప్పుడు మన చేతిలో ఉండాల్సింది అదే.