మన ముఖాలకు మసి పూయకండి

మేము చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడి, సినిమా పోస్టర్లు కూడబలుక్కొని నేర్చుకున్నదే. తప్పులుంటే దిద్దుకొని చదవండి, విషయాన్ని మాత్రం వదిలిపెట్టకండి.

మొన్న ఆదివారం వార్షికోత్సవం నాటకం రిహార్సల్ చూడటానికి పోయినాము. మన పిల్లలు పెద్ద డబ్బాడు నల్లపొడి తెచ్చి పెట్టినారు. ఎందుకురా అంటే, "గని కూలీలంటే ఇట్లే కదా మామా, సినిమాలో చూడలేదా?" అన్నారు. మాకు నోట మాట రాలేదు. ఆ మాట ఇప్పుడు ఇక్కడ రాస్తున్నాం.

మన ఊరి పేరు పెట్టుకొని 2018లోనూ 2022లోనూ రెండు భాగాలుగా వచ్చిన సినిమాను మేమూ చూసినాము, ఈల కూడా వేసినాము. కానీ అందులో కూలీల ముఖాలు గమనించండి. మొదటినుంచి చివరిదాకా ఒకటే మసి. వాళ్ళలో ఎవరు పిరికివాడు, ఎవరు తెగించినవాడు, ఎవరు నిన్నటికీ ఇవాళ్టికీ మారినాడు, ఏదీ తెలియదు. హీరో కూలీగా లోపలికి పోయినా ఆయన జుట్టుకు, గడ్డానికి మాత్రం ఏ లోటూ లేదు. మారే హక్కు ఒక్కరికే ఇచ్చి, మిగతా వాళ్ళందరినీ మసిపూసి మారేడుకాయ చేసినారు.

అసలు మనది బొగ్గు గనా? బంగారం ఉండేది పలుగురాయిలో. ఆ దుమ్ము మసిలాగా ముఖాన పూసుకొని కూర్చోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సిలికోసిస్‌తో దగ్గి దగ్గి పోయినవాళ్ళు లేని లైను ఇండ్లు ఎన్ని ఉన్నాయో మీరే చెప్పండి. ఇంకా అనుమానముంటే సైనైడ్ దిబ్బ ఎక్కి చూడండి, అది ఏ రంగులో ఉందో.

జుట్టుతో, వేషంతో మనిషి మారినాడని చూపించడం చేతకాక కాదు. 'ఆర్ఆర్ఆర్'లో రామరాజు ఖాకీలో ఉన్నప్పుడు కత్తిరించిన క్రాపు, కోరమీసం. జైల్లో పడినాక పెరిగిన జుట్టు, గడ్డం. ఒక్క మాట చెప్పకుండానే మనకు అర్థమైపోయింది. 'మహానటి'లో కీర్తి సురేశ్ ముఖం అమ్మాయి నుంచి తార, తార నుంచి అలసిన మనిషి అవుతుంటే మా ఇంట్లో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. 2024లో పా. రంజిత్ తీసిన 'తంగలాన్' మన నేల కథే. అందులో ఊరి ఆడవాళ్ళకు మొదటిసారి రవికలు అందే ఘట్టం ఉంది. ఆ రవిక తొడుక్కున్నాక వాళ్ళ నడక మారుతుంది చూడండి, అదీ వేషమంటే! చివర మాయలు మంత్రాలు మాకు కొంచెం ఎక్కువే అనిపించినాయి, అది వేరే సంగతి.

మన తాతల దగ్గర ఇంతకన్నా మంచి కథ ఉంది. మా తాత ఊరినుంచి వచ్చినప్పుడు వెనక సిగ. అది తీయించి క్రాపు పెట్టుకొని పండక్కి ఊరికి పోతే, దొరసామివి అయినావా అని అక్కడివాళ్ళు తిట్టినారట. ఆయన మళ్ళీ సిగ పెంచలేదు. 1930లో వేలిముద్రలు ఇయ్యమని సమ్మె కట్టింది ఇట్లా తల ఎత్తిన మనుషులే. వాళ్ళ ముఖాన మసి పూస్తే ఆ తల ఎట్లా కనిపిస్తుంది?

ఇంకొకటి మేము కళ్ళారా చూసినది. రైల్వేలో మాది టికెట్ కౌంటర్ ఉద్యోగం. ఆ కిటికీలోనుంచి మాకు ముఖాలే కనిపించేవి. 2001 ఫిబ్రవరిలో గని మూతపడింది. తర్వాత బెంగుళూరుకు సీజన్ టికెట్ కోసం వచ్చినవాళ్ళలో తెలిసిన ముఖాలు ఎన్నో! నెల కిందట నెరిసిన తలతో కనిపించిన మనిషి ఇప్పుడు నల్లగా రంగేసుకొని వచ్చేవాడు. సెక్యూరిటీ పనికి ముసలివాడని వద్దంటారేమోనని భయం. రంగు చెవిమీద అంటుకొని ఉండేది. మేము చూడనట్టు చిల్లర లెక్కపెట్టేవాళ్ళం.

తమ్ముళ్ళూ, మీకు నల్లరంగే కావాలంటే అది అక్కడ వాడండి, ఆ ఒక్క తలకు. ఒకే మనిషిని మూడు రంగాల్లో చూపించండి: సిగతో, క్రాపుతో, తెల్లవారుజామున రైలు కోసం రంగేసుకున్న తలతో. ముఖం కడిగి పెట్టండి, జనానికి కనిపించాలి.

వచ్చే ఆదివారం తాత ఫోటో తీసుకొని వస్తాము. ఆండర్సన్‌పేటలో పాత పద్ధతి క్రాపు తెలిసిన మంగలి ఒకాయన ఉన్నాడు, మాట్లాడి పెట్టినాము. నల్లపొడి డబ్బా మా ఇంట్లోనే ఉంది. ఎవరి డబ్బో చెబితే ఇచ్చేస్తాము.