ఖాకీలో ఒక నాయిక: నేర సీరియళ్లు మనకేం నేర్పుతున్నాయి?

దృశ్యమాధ్యమాల్లో స్త్రీని ఎలా చూపిస్తున్నారన్న ప్రశ్న మన ఉద్యమానికి కొత్తది కాదు. అశ్లీల సినిమా పోస్టర్లకు తారు పూసిన కాలం నుంచీ, 1986లో స్త్రీలను అసభ్యంగా చిత్రించడాన్ని నిషేధించే చట్టం వచ్చిన నాటి నుంచీ దీని గురించి మాట్లాడుతూనే ఉన్నాం. అప్పట్లో శత్రువును గుర్తుపట్టడం తేలిక. ఇప్పుడు మన ముందున్నవి వేరే రకం సీరియళ్లు. వాటిలో అర్ధనగ్న దృశ్యాలుండవు. అత్యాచారాన్ని తెరమీద చూపించరు. నాయిక పోలీసు అధికారి. ఆమె తెలివైనది, నిజాయితీపరురాలు, మగ అధికారులను నిలదీయగలది. ‘ఇంకేం కావాలి మీకు?’ అని మన మిత్రులే అడుగుతున్నారు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన అవసరం ఉంది.

ఉదాహరణకు ‘ఢిల్లీ క్రైమ్’ తీసుకుందాం. 2019లో మొదటి సీజన్, 2022లో రెండోది, 2025 నవంబరులో మూడోది వచ్చాయి. మొదటి సీజన్‌కు 2020లో అంతర్జాతీయ ఎమ్మీ అవార్డు దక్కింది. డీసీపీ వర్తికా చతుర్వేదిగా షెఫాలీ షా నటన గొప్పదే. కరెంటు బిల్లు కట్టలేని పోలీసు స్టేషను, సెలవు దొరకని కానిస్టేబుళ్లు, ఇంట్లో మొగుడికీ ఉద్యోగానికీ మధ్య నలిగే అధికారిణి నీతి వంటివన్నీ శ్రద్ధగా తీశారు. మామూలు చవకబారు నేర కార్యక్రమాల గాటన దీన్ని కట్టెయ్యడం అన్యాయం. అందుకే దీన్ని ఎంచుకున్నాను. మంచిదనిపించుకున్న దానిలోనే భావజాలం బలంగా పనిచేస్తుంది.

మొదటి సీజన్ కథ 2012 డిసెంబరు 16 నాటి ఢిల్లీ సామూహిక అత్యాచారం. అప్పటి ఢిల్లీ పోలీసు కమిషనర్ ప్రోత్సాహంతో, కేసు కాగితాలు చూసి, దర్యాప్తు చేసిన అధికారులతో మాట్లాడి దర్శకుడు రిచీ మెహతా దీన్ని రాసుకున్నాడు. కాబట్టి కథంతా పోలీసు స్టేషను లోపలినుంచే సాగుతుంది. ఆ డిసెంబరులో వణికించే చలిలో ఇండియా గేటు దగ్గరా, రైసినా కొండ మీదా వాటర్ కేనన్లకూ, లాఠీలకూ ఎదురు నిలిచిన వేలాది స్త్రీలూ, విద్యార్థులూ ఇందులో ఏమయ్యారు? కిటికీ అవతలి గోలగా మిగిలారు. దర్యాప్తుకు అడ్డం వచ్చే ఒత్తిడిగా, అధికారులకు తలనొప్పిగా మారారు. చరిత్ర ఇంకోలా జరిగింది. ఆ గోల వల్లే జస్టిస్ వర్మ కమిటీ ఏర్పడింది. దేశంలోని మహిళా సంఘాల అనుభవాన్ని విని, 2013 జనవరి 23న నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక పోలీసుల బాధ్యత గురించి మాట్లాడింది. భర్త చేసే అత్యాచారానికి చట్టంలో ఉన్న మినహాయింపు తీసెయ్యమంది. పాలకులు ఆ మాట వినలేదు. 2023లో చేసిన భారతీయ న్యాయ సంహితలోనూ ఆ మినహాయింపు భద్రంగా ఉంది. ఉద్యమం సాధించినదీ, సాధించలేకపోయినదీ కూడా చెరిపేసి, అయిదారు రోజుల్లో నిందితులందరినీ పట్టుకున్న పోలీసుల కథగా ఆ డిసెంబరును మనకు తిరిగి ఇచ్చారు.

ఇక సీజన్ తర్వాత సీజన్ ప్రేక్షకులను కూర్చోబెట్టే పద్ధతి చూడండి. ప్రతి సీజన్‌కూ బాధితులు మారిపోతారు. మారకుండా ఉండేది అధికారిణి. ఆమె నిద్రలేమి, కూతురి కోసం పడే బెంగ, పై అధికారులతో గొడవ, బదిలీ... మనం అనుసరించేది వీటినే. మూడేళ్ల తర్వాత కొత్త సీజన్ వస్తే ‘వర్తిక ఎలా ఉందో’ అని చూస్తాం. మొదటి సీజన్‌లోని అమ్మాయి తల్లిదండ్రులు ఎలా ఉన్నారని ఎవరూ అడగరు. ఆ పిల్ల శరీరం మీద జరిగిన హింస కథను కదిలించడానికి కావలసిన ఇంధనం. కాలిపోయాక ఇంకో సీజన్, ఇంకో శరీరం. హింసకు గురైన స్త్రీ ఇక్కడ కథకు సందర్భం అవుతుందే తప్ప మనిషి కాదు.

దీనికి తోడు కథ ఎక్కడ ఆగుతుందో గమనించండి. అరెస్టు దగ్గర ఆగుతుంది. మనకు కథ మొదలయ్యేది అక్కడే. వైద్య పరీక్షకు తిరగడం, వాంగ్మూలం మార్చుకోమని ఊరి పెద్దల బెదిరింపు, వాయిదా మీద వాయిదా, కూలి పోగొట్టుకుని కోర్టు వరండాలో కూర్చోవడం, అద్దె ఇల్లు ఖాళీ చెయ్యమనే యజమాని, పరిహారం కోసం కాగితాలు. ఇదంతా పదేళ్లు నడిచే కథ. ఒక సీజన్‌లో ఇమడదు. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో విచారణ ముగిసిన అత్యాచారం కేసుల్లో శిక్షపడినవి 27.4 శాతం. అంటే నాలుగింట మూడు కేసుల్లో ‘దొరికాడు’ అన్న మాట తర్వాత జరిగేది ఓటమే. తెరమీద మాత్రం ప్రతిసారీ మనకు ఊరట దొరుకుతుంది. భయపెట్టడం, ఊరడించడం, మళ్లీ భయపెట్టడం - ఈ చక్రమే ప్రేక్షకులను పట్టి ఉంచుతోంది.

నేరం చేసేవాళ్లెవరు? మొదటి సీజన్‌లో బస్తీల్లో బతికే వలస కూలీలు. అది ఆ కేసులోని వాస్తవం, కాదనలేం. రెండో సీజన్‌లో వృద్ధులను చంపే ముఠా. దాని వెనుక బ్యూటీపార్లర్ పెట్టుకోవాలని కలలుగన్న ఒక పేద స్త్రీ. మూడో సీజన్‌లో ఆడపిల్లలను అమ్మే ‘బడీ దీదీ’. రెండో సీజన్ విముక్త జాతుల మీద పోలీసుల దురభిప్రాయాన్ని కొంత విమర్శించింది. 1871 నాటి నేరస్థ జాతుల చట్టం 1952లో పోయినా దాని నీడ పోలేదని చెప్పింది. స్టూవర్టుపురం పేరు వింటేనే దొంగతనం కథ గుర్తొచ్చేలా సినిమాలు తీసిన మనకు ఆ విమర్శ అవసరమే. కానీ మూడు సీజన్లూ కలిపి చూస్తే స్త్రీకి ప్రమాదం ఎప్పుడూ బయటి నుంచే, కింది నుంచే వస్తుంది. పైగా రెండుసార్లు ఆ ప్రమాదానికి స్త్రీ ముఖమే తొడిగారు.

మన అనుభవం దీనికి పూర్తిగా వ్యతిరేకం. 2022లో స్త్రీల మీద నమోదైన నేరాలు 4,45,256. వాటిలో అన్నిటికన్నా పెద్ద వాటా, 31.4 శాతం, భర్తా అత్తింటివాళ్లూ పెట్టే హింసది. అత్యాచారం కేసుల్లో ఏటా 90 శాతానికి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్లే. బంధువు, పక్కింటివాడు, పనిచ్చినవాడు, పెళ్లి చేసుకుంటానన్నవాడు. ఈ నేరాల్లో వెతకవలసిన హంతకుడుండడు, ఛేదించవలసిన రహస్యముండదు. నేరస్థుడు ఎవరో మొదటి నిమిషంలోనే తెలుసు. అందుకే సీరియల్‌కు పనికిరావు.

పోలీసే నేరస్థుడైతే? 1978లో హైదరాబాదు నల్లకుంట పోలీసు స్టేషనులో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది. అడ్డుపడిన ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ దెబ్బలకు చనిపోయాడు. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. తర్వాత కర్ణాటకలోని రాయచూరు కోర్టు వాళ్లను వదిలేసింది. విచారణ పొడవునా రమీజాబీ శీలమే బోనులో నిలబడింది. 2007 ఆగస్టు 20న విశాఖ మన్యంలోని వాకపల్లిలో గ్రేహౌండ్స్ పోలీసులు తమ మీద అత్యాచారం చేశారని 11 మంది కోందు ఆదివాసీ స్త్రీలు ఫిర్యాదు చేశారు. 2023 ఏప్రిల్‌లో విశాఖ కోర్టు నిందితులను విడుదల చేసింది. దర్యాప్తు లోపాలను ఎత్తిచూపుతూ, ఆ స్త్రీలకు పరిహారం ఇమ్మంది. పదహారేళ్లు పాడేరుకూ, విశాఖకూ, హైదరాబాదుకూ తిరిగిన ఆ స్త్రీల పట్టుదలలో ఎన్ని సీజన్లకు సరిపడే కథ లేదు? కానీ ఆ కథలో నిందితుడూ దర్యాప్తు అధికారీ ఒకే యూనిఫాంలో ఉంటారు. నిజాయితీగల ఒక అధికారిణి వచ్చి అన్నీ సరిచేస్తుందన్న నమ్మకం అక్కడ నిలబడదు.

ఇదంతా వినోదం కదా, ఇంత రాద్ధాంతం ఎందుకని అనేవాళ్లకు ఒక మాట. 2019 నవంబరు 27న శంషాబాద్ దగ్గర యువ వైద్యురాలిపై అత్యాచారం చేసి చంపారు. డిసెంబరు 6న చటాన్‌పల్లి దగ్గర నలుగురు నిందితులనూ పోలీసులు కాల్చేశారు. అక్కడ గుమిగూడిన జనం పోలీసుల మీద పూలు చల్లారు. సుప్రీంకోర్టు వేసిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022లో బయటికొచ్చింది. కాల్పులు ఉద్దేశపూర్వకమనీ, చనిపోయినవారిలో ముగ్గురు మైనర్లనీ, పది మంది పోలీసుల మీద హత్యానేరం కింద విచారణ జరగాలనీ చెప్పింది. ఆ పూలు ఏదో ఒక సీరియల్ చూసి చల్లారని నేను అనడం లేదు. న్యాయమంటే త్వరగా వచ్చే ముగింపు అని, ఆ ముగింపు ఇవ్వగలిగేది పోలీసేనని నమ్మే మనసు ఒక్క రోజులో తయారుకాదు. అలాంటి మనసుకు రాత్రిపూట మేత వేస్తున్నవాటిలో ఈ కథలూ ఉన్నాయంటున్నాను. ఆ ఉదయం అడగవలసిన ప్రశ్నలు - తల్లిదండ్రులు ఫిర్యాదుకు వెళ్లిన రాత్రి పోలీసులు వెంటనే ఎందుకు కదల్లేదు, ఆ రోడ్డు మీద ఒంటరి ఆడదానికి రక్షణేది - పూల కింద కప్పడిపోయాయి.

స్త్రీలను పోలీసు అధికారులుగా చూపించడమే తప్పని కాదు. 1989లో దూరదర్శన్‌లో వచ్చిన ‘ఉడాన్’ గుర్తుందా? కవితా చౌదరి తన అక్క, ఐపీఎస్ అధికారి కాంచన్ చౌదరి జీవితం ఆధారంగా తానే రాసి, తీసి, నటించింది. అక్కడ కథ ఒక ఆడపిల్ల చదువు, పట్టుదల, ఉద్యోగం. ఆమె గొప్పదనం నిరూపించడానికి ఇంకో స్త్రీ శవం అక్కరలేకపోయింది.

ఈ సీరియళ్లను నిషేధించమని అడగడం మన పని కాదు. సెన్సారు కత్తి మన చేతికిస్తామన్న రాజ్యం దాన్ని మొదట మన మీదే వాడుతుంది. మనం చెయ్యగలిగింది, చెయ్యవలసింది చూడటం నేర్పడం. మన శిక్షణ శిబిరాల్లో, కాలేజీ అమ్మాయిల బృందాల్లో, పొదుపు సంఘాల సమావేశాల్లో ఒక ఎపిసోడ్ కలిసి చూసి కొన్ని ప్రశ్నలు వేసుకుందాం. బాధితురాలు ఎన్ని మాటలు మాట్లాడింది? అరెస్టు తర్వాత ఆమెకేమైంది? నేరస్థుడు ఏ కులం, ఏ వర్గం నుంచి వచ్చాడు? ఇల్లు ఎక్కడైనా నేరస్థలంగా కనబడిందా? స్త్రీలు సంఘటితమైన దృశ్యం ఒక్కటైనా ఉందా? కేసులు నడిపిన మన కార్యకర్తలే ఈ చర్చ నడపాలి. పోలీసు స్టేషను బెంచీ మీద రాత్రంతా బాధితురాలి పక్కన కూర్చున్నది వాళ్లు. వాళ్ల డైరీల్లో ఉన్న కథలు రాయించాలి, అచ్చు వెయ్యాలి. తెరమీద ఎవరి కళ్లతో చూస్తున్నామో గుర్తుపట్టిన ప్రేక్షకురాలు తర్వాతి సీజన్‌ను కూడా చూడవచ్చు. కానీ అది చెప్పిందల్లా నమ్మదు.